నాలుగు చక్రాల సంసారం

మా గన్నవరంలో ఇద్దరు పెద్దమనుషులు ఎదురుపడితే వెనకటికి అడిగే మొదటి ప్రశ్న, "గేదె పూటకి ఎన్ని లీటర్లు ఇస్తోందండీ?" అని. ఇప్పుడు అదే ప్రశ్న కొద్ది మార్పుతో వినబడుతోంది. "మీ బండి లీటరుకి ఎంత ఇస్తోందండీ?" గేదె విషయంలో అబద్ధమాడేవారు తక్కువ, పక్కింటివాళ్ళకి పాల బిందె కనబడుతూనే ఉంటుంది కదా! కారు విషయంలో నిజం చెప్పేవారు తక్కువ. కొత్తగా కొన్నవాడు ఇరవైరెండు అంటాడు. కొని ఐదేళ్ళయినవాడు పదహారు అని నసుగుతాడు. అమ్మదలచుకున్నవాడు మళ్ళీ ఇరవైరెండు అంటాడు. పశువైద్య కళాశాల ఉన్న ఊరు మాది. గొడ్డుకి జబ్బు చేస్తే ఎక్కడికి తోలుకుపోవాలో చిన్నపిల్లవాడిక్కూడా తెలుసు. కారుకి జబ్బు చేస్తే మాత్రం పదిమంది పది వైద్యాలు చెబుతారు.

ఆ పదిమందిలో నేనూ ఒకణ్ణి. ఉదయం నడక ముగించుకుని హైవే పక్క టీ కొట్టు దగ్గర ఏడెనిమిది మందిమి చేరతాం. రిటైరయిన లెక్కల మాస్టారు, ధాన్యం కమీషను వ్యాపారి, ఒక పళ్ళ డాక్టరు, ఆర్‌టిసిలో ముప్ఫయ్యేళ్ళు బస్సు నడిపి దిగిన డ్రైవరుగారు, బెజవాడ ఆటోనగర్‌లో సొంత షెడ్డు ఉన్న మేస్త్రిగారు. మొదట్లో రాజకీయాలు మాట్లాడుకునేవాళ్ళం. స్నేహాలు చెడుతున్నాయని ఆ సంగతి కట్టిపెట్టి కార్ల మీద పడ్డాం. కాబట్టి ఈ వ్యాసంలో నా సొంత తెలివి పావువంతే. మిగిలిన ముప్పావూ వాళ్ళది.

మా మాస్టారి తండ్రిగారి తరంలో కారంటే రెండే రెండు పేర్లు. కలకత్తా దగ్గర ఉత్తరపారాలో తయారయ్యే అంబాసిడర్, బొంబాయిలో తయారయ్యే ఫియట్. 1961 నుంచి మద్రాసులో తయారైన స్టాండర్డ్ హెరాల్డ్ మూడోది. డబ్బు చేతిలో ఉన్నా చాలదు. పేరు రాయించుకుని ఏళ్ళ తరబడి కాచుకోవాలి. ఆడపిల్ల పుట్టినప్పుడు రాయించుకుంటే పెళ్ళి నాటికి కారొస్తుందని వేళాకోళమాడేవారట. వచ్చిన కారు ఊరికే పరుగెత్తదు. రేడియేటర్లో నీళ్ళు పోయాలి, చలికాలం తెల్లవారుజామున చోక్ లాగాలి, ప్లగ్గులు విప్పి ఉప్పుకాగితంతో రుద్దాలి, మొరాయిస్తే హాండిల్ వేసి తిప్పాలి. అప్పట్లో కారున్నవాడు సగం మెకానిక్కు. 1983 డిసెంబరులో మారుతీ వచ్చాక ఆ రోజులు మారిపోయాయి. అంబాసిడర్ తయారీ 2014లో ఆగిపోయింది. అయినా దాని బ్రేకు సిలిండరో, స్ప్రింగు పట్టీయో కావాలంటే ఆటోనగర్‌లో నాలుగు వీధులు తిరిగితే దొరుకుతుందని మా మేస్త్రిగారు పందెం కాస్తారు.

ఆటోనగర్ సంగతి తెలియనివారి కోసం రెండు ముక్కలు. ఊళ్ళో చెదురుమదురుగా ఉన్న మోటారు షెడ్లని ఒక్కచోట చేర్చాలని 1960లలో వెలిసిన పేట అది. లారీ పుట్టించడం తప్ప లారీకి చేయవలసినవన్నీ అక్కడ చేస్తారు. బాడీ కడతారు, ఛాసిస్ అతుకుతారు, స్ప్రింగులు వంచుతారు, రేడియేటరుకి మాట్లు వేస్తారు, సీట్లు కుడతారు, వెనక చెక్క మీద పూలూ చిలకలూ గీస్తారు. లారీల పుణ్యమా అని మా కార్లకి కూడా అక్కడ జరుగుబాటు అవుతోంది. ఒక పని తెలిసినవాడు పక్క పని ముట్టుకోడు. ఎలక్ట్రికల్ మేస్త్రి క్లచ్ జోలికి పోడు. టింకరింగు చేసేవాడు ఇంజను మూత ఎత్తడు. ఈ విభజన తెలియక కొత్తవాళ్ళు మొదట కనబడిన షెడ్డులో కారు వదిలేసి, అక్కడివాడు ఇంకొకణ్ణి పిలిపించి మధ్యలో తన భాగం కలుపుకుంటే, ఖర్చు ఎందుకింత అయిందా అని ఆశ్చర్యపోతుంటారు. మన జబ్బుకి తగిన వైద్యుడి దగ్గరికి మనమే సరాసరి వెళ్ళాలి.

సరే, ఖర్చు మాట వచ్చింది గనక ఆ లెక్క చూద్దాం. మా మాస్టారు ఒకనాడు టీ కొట్టు బల్ల మీద పాత కాలెండరు కాగితం తిరగేసి వేసిన లెక్క ఇది. గన్నవరం నుంచి బెజవాడకి ఇరవై కిలోమీటర్లు. రోజూ పోనూ రానూ నలభై. నెలకి ఇరవై అయిదు రోజులు తిరిగితే వెయ్యి కిలోమీటర్లు, ఏడాదికి పన్నెండు వేలు. లీటరుకి పదహారు కిలోమీటర్ల చొప్పున 750 లీటర్ల పెట్రోలు. మన రాష్ట్రంలో పెట్రోలు మీద 31 శాతం వ్యాటు, దాని మీద లీటరుకి నాలుగు రూపాయలు, ఆ పైన రోడ్ల సెస్సు ఒక రూపాయి. అందుకే 2025లో బెజవాడలో లీటరు 110 రూపాయల దగ్గర ఆడింది. ఆ ధరకి ఏడాదికి 82,500 రూపాయలు. ఇన్సూరెన్సు తొమ్మిది వేలు, సర్వీసు తొమ్మిది వేలు. టైర్లు నాలుగూ ఇరవై వేలు పెట్టి కొంటే నలభై వేల కిలోమీటర్లు వస్తాయనుకుంటే ఏడాది వాటా ఆరు వేలు. బ్యాటరీ నాలుగేళ్ళకొకసారి, దాని వాటా 1,250. కడగడానికీ, పార్కింగుకీ నెలకి అయిదు వందలు. మొత్తం 1,13,750. అంటే కిలోమీటరుకి తొమ్మిదిన్నర రూపాయలు.

"ఇంతేనా?" అన్నాడు కమీషను వ్యాపారి.

"ఇంకా అసలు తరుగుదల కలపలేదయ్యా," అన్నారు మాస్టారు. ఏడు లక్షల కారు అయిదేళ్ళకి నాలుగు లక్షలకి పోతే, ఏడాదికి అరవై వేలు గాలిలో కలిసినట్టు. అది కిలోమీటరుకి మరో అయిదు రూపాయలు. వెరసి పద్నాలుగున్నర.

ఆ లెక్క విన్న మర్నాటి నుంచి కమీషను వ్యాపారి ఇంట్లో ఒక మార్పు వచ్చింది. బెజవాడ రైతుబజారులో కూరగాయలు చవకని ఆదివారం ఆదివారం కారేసుకుని వెళ్ళే దంపతులు ఆ ప్రయాణం మానుకున్నారు. నలభై రూపాయలు మిగలడానికి మూడువందల ఎనభై రూపాయల బండి ఖర్చు! మా ఆవిడ ఇంకో మెట్టు పైకి వెళ్ళింది. 2025 ఆగస్టు 15న మన రాష్ట్రంలో ఆడవారికి ఆర్‌టిసి బస్సుల్లో ఉచిత ప్రయాణం మొదలైంది గదా. "మీరు కారులో రండి, నేను బస్సులో వెళ్ళి ముందే బెంజి సర్కిల్ దగ్గర నిలబడతాను" అంటోంది. వాదించి లాభం లేదు. లెక్క ఆవిడ వైపే ఉంది.

పెట్రోలు గురించి మరొక మాట. ఇప్పుడు బంకుల్లో పోసేది ఇరవై శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. చెరకు నుంచీ, మొక్కజొన్న నుంచీ, నూకల నుంచీ తీసే ఇథనాల్ అది. నూకలు కోళ్ళకి వేసే మా జిల్లాలో ఇప్పుడు కార్లు కూడా నూకలు తింటున్నాయన్నమాట. ఇథనాల్‌లో పెట్రోలుకున్న సత్తువలో మూడింట రెండు వంతులే ఉంటుంది. అంచేత పది శాతం కలిపిన పెట్రోలుతో పోలిస్తే ఇరవై శాతం కలిపినదానిలో మూడు శాతం దాకా సత్తువ తగ్గుతుంది; మాస్టారి లెక్కన ఏడాదికి రెండున్నర వేలు. దీనికి తగినట్టుగా తయారైన కొత్త బండ్లకి భయం లేదు. పాత బండ్లలో పెట్రోలు పారే రబ్బరు గొట్టాలనీ, వాషర్లనీ మాత్రం సర్వీసుకి ఇచ్చినప్పుడల్లా చూపించుకోవాలి. బీటలు కనిపిస్తే మార్పించాలి, వందల్లో పోయే పని. ఇథనాల్ తేమని పీల్చుకుంటుంది గనక ట్యాంకులో పెట్రోలుతో కారుని నెలల తరబడి నిలబెట్టి అమెరికాలో ఉన్న అబ్బాయి దగ్గరికి వెళ్ళిపోవడం మంచిది కాదు. పక్కింటి కుర్రవాడికి తాళం ఇచ్చి వారానికొకసారి పది కిలోమీటర్లు తిప్పమనండి. వాడు ఇరవై తిప్పుతాడు, అయినా లాభమే.

మైలేజీ పెంచుతామని బజారులో అమ్మే సీసాలూ, అయస్కాంతాలూ, బిళ్ళలూ డబ్బు పుచ్చుకునేవాడికి తప్ప ఎవరికీ మైలేజీ ఇవ్వవు. మా డ్రైవరుగారు చెప్పేది ఒకటే: "టైర్లో గాలి, పాదంలో నిదానం." ముప్ఫయ్యేళ్ళు డీజిలు పొదుపు చేసిన మనిషి మాట. ముందు సిగ్నలు ఎర్రగా ఉందని తెలిసి కూడా అక్కడిదాకా ఉరికి బ్రేకు తొక్కేవాడు పెట్రోలుని బ్రేకు లైనింగులో తగలబెడుతున్నాడు. రామవరప్పాడు రింగు దగ్గర రోజూ ఈ యజ్ఞం చూడవచ్చు. లీటరుకి ఒక్క కిలోమీటరు పెరిగినా, పదహారు పదిహేడయినా, ఏడాదికి నలభైనాలుగు లీటర్లు మిగులుతాయి. అంటే దగ్గరదగ్గర 4,850 రూపాయలు. గాలి మాత్రం ఉదయం బండి చల్లగా ఉన్నప్పుడు చూడాలి. మే నెల మధ్యాహ్నం హైవే మీద పరుగెత్తి వచ్చిన టైరులో గాలి ఎక్కువ చూపిస్తుంది; అది చూసి తీసేస్తే రాత్రికి టైరు నీరసిస్తుంది.

టైరు కొనేటప్పుడు పక్కగోడ మీద నాలుగు అంకెలు చదవండి. 2324 అని ఉంటే 2024లో ఇరవైమూడో వారంలో పుట్టిందని అర్థం. కొట్లో మూడేళ్ళుగా పడున్న టైరుని నల్లరంగు పూసి కొత్తదని అంటగట్టేవాళ్ళు లేకపోలేదు. గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకి అరిగితే ఇక మాట్లాడవద్దు, మార్చవలసిందే. "ఇంకో నెల లాగుతుంది లెండి" అని డాక్టరుగారన్నప్పుడు మా మేస్త్రిగారు, "మీరు కదిలే పన్నుని ఇంకో నెల లాగమంటారా అండీ?" అని అడిగారు. డాక్టరుగారు ఆ సాయంత్రమే టైర్లు మార్పించారు.

మా డెల్టా కార్లకి మాత్రమే వచ్చే జబ్బులు కొన్ని ఉన్నాయి. పుస్తకాల్లో కనబడవు. మొదటిది ఎలుక. వరి కోతలయ్యేసరికి పొలం ఎలుకలు ఊళ్ళోకి వలస వస్తాయి. రాత్రి వెచ్చగా ఉండే చోటేమిటి? అప్పుడే వచ్చి ఆగిన కారు బానెట్ కింద. గడ్డి తెచ్చుకుని పక్క వేసుకుంటాయి, పళ్ళు దురద పెడితే వైర్లు కొరుకుతాయి. తెల్లవారి తాళం తిప్పితే డాష్‌బోర్డు మీద దీపావళి. వైరింగు మొత్తం మార్చాలంటే వేలల్లో మాట. దీనికి మా వాళ్ళు చేయని ప్రయోగం లేదు: పొగాకు కాడలు, కలరా ఉండలు, పిప్పరమెంటు నూనె, వేపనూనె. పొగాకు కాడలు కొన్నాళ్ళు పనిచేసినట్టే కనబడతాయి, తర్వాత ఎలుకలు అలవాటు పడతాయి. మేస్త్రిగారి మందు వేరు. కారులో తినుబండారం తుంపు కూడా ఉండకూడదు, బండిని ధాన్యం బస్తాల పక్కన నిలబెట్టకూడదు, ఇంజను కింద సన్నటి ఇనప జాలీ వేయించాలి, రెండు రోజులకొకసారయినా బానెట్ ఎత్తి చూడాలి.

రెండోది ఊక. రైసుమిల్లుల పక్క నుంచి తిరిగే బండ్ల ఎయిర్ ఫిల్టరు విప్పి దులిపితే చారెడు ఊక, దుమ్ము రాలుతుంది. కంపెనీ పుస్తకంలో రాసినదానికంటే ముందే మార్చాలి. మూడోది రేగడి మట్టి. చక్రాల పై వంపుల్లో పట్టి, ఎండి, తేమ నిలిపి, ఇనుముని లోపల్నుంచి తినేస్తుంది. కారు పైభాగం అద్దంలా తుడిచి మురుసుకునేవారు కింద నీటి గొట్టం పెట్టించడం మరిచిపోతారు. రోడ్డు మీద వడ్లూ గడ్డీ ఎండబోసే రోజుల్లో మరో ప్రమాదం. గడ్డి సైలెన్సరుకి చుట్టుకుంటే కమురు వాసన వస్తుంది. వెంటనే ఆపి, బండి చల్లారనిచ్చి కర్రతో లాగేయాలి. చేత్తో లాగబోయి చెయ్యి కాల్చుకున్నవారిని ఎరుగుదును. ఇక నీళ్ళు. బోరు నీళ్ళలో ఉప్పూ సున్నమూ ఉంటాయి. రేడియేటర్లో పోస్తే రెండేళ్ళకి లోపల గారకట్టి కూర్చుంటుంది. పుస్తకంలో చెప్పిన కూలంటే పోయాలి. దారిలో తప్పనిసరై మామూలు నీళ్ళు పోసినా, ఊరు చేరాక తీయించి మార్పించాలి. వేడిగా ఉన్నప్పుడు మూత తిప్పవద్దని వేరే చెప్పాలా?

ఇంజను ఆయిలు విషయంలో పంతాలకి పోయేవాళ్ళున్నారు. "నాది తక్కువ తిరుగుతుంది, రెండేళ్ళకొకసారి చాలు" అని. తక్కువ తిరిగే బండికే ఆయిలు త్వరగా చెడుతుంది. ఇంటి నుంచి స్టేషను దాకా రెండు కిలోమీటర్లు వెళ్ళి ఆగే ఇంజను సరిగా వేడెక్కదు, తేమ ఆవిరి కాదు. పది వేల కిలోమీటర్లో, ఏడాదో, ఏది ముందయితే అది.

విడిభాగాల సంగతికొస్తే, అసలూ నకిలీ తేడా పట్టుకోవడం బంగారం గీటురాయి పెట్టినంత సులువు కాదు. డబ్బా ఒకేలా ఉంటుంది. అక్షరాల్లో ఒకటి అటూ ఇటూ అవుతుంది, అంతే. మేస్త్రిగారి సలహా ఏమిటంటే, అద్దం బొత్తాములూ, మట్టిరేకులూ, సీటు తొడుగులూ బజారువి వేసుకున్నా ప్రాణం పోదు. బ్రేకు ప్యాడ్లు, స్టీరింగు జాయింట్లు, ఆయిలు ఫిల్టరు, బేరింగులు మాత్రం బిల్లు ఇచ్చే కొట్లోనే కొనాలి. బిల్లంటే తెల్లకాగితం మీద గీసిన అంకె కాదు, జిఎస్‌టి నంబరున్న బిల్లు. 2025 సెప్టెంబరు 22 నుంచి మోటారు విడిభాగాల మీద పన్ను 28 శాతం నుంచి 18కి తగ్గింది. పన్నుకి ముందు వెయ్యి రూపాయల వస్తువు 1,280 అయ్యేది ఇప్పుడు 1,180 కావాలి. పాత ధరకే ఇస్తున్నాడంటే అడగడానికి మొహమాటపడకండి. మార్చిన పాత భాగాన్ని మీ చేతికిమ్మని కూడా అడగండి. ఇచ్చాడంటే మార్చాడని నమ్మకం.

ఇప్పటిదాకా చెప్పినవి వందల్లో, వేలల్లో మాటలు. లక్షల్లో మాట 2024 సెప్టెంబరు ఒకటి ఆదివారం నాడు వచ్చింది. బుడమేరు పొంగి అజిత్‌సింగ్ నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరి పేట, కండ్రిక ప్రాంతాలు మునిగిపోయాయి. ఆ మర్నాడు కృష్ణలో ప్రకాశం బారేజి దగ్గర 11 లక్షల 43 వేల క్యూసెక్కుల వరద. ప్రాణాల ముందు కార్లెంత? కాని నీళ్ళు తీశాక, బురద కడిగాక, వాకిట్లో నిలబడ్డ బండిని చూసి ఏడవని ఇల్లు లేదు. వాయిదాలు ఇంకా తీరని బండ్లు అవి. ప్రభుత్వం ద్విచక్ర వాహనాలకి మూడు వేలు, ఆటోలకి పది వేలు సాయం ప్రకటించింది. కార్లవాళ్ళకి ఇన్సూరెన్సే దిక్కు.

అక్కడే చాలామంది దెబ్బతిన్నారు. మా డ్రైవరుగారి అల్లుడు సింగ్ నగర్‌లో ఉంటాడు. నీళ్ళు తీశాక ఆత్రం కొద్దీ, "స్టార్టవుతుందేమో చూద్దాం" అని మీట నొక్కాడు. లోపల ఫట్టుమని చప్పుడు, అంతే. జరిగిందేమిటంటే, ఇంజనులో పిస్టన్ గాలిని నొక్కుతుంది, గాలి నొక్కుకుంటుంది. సిలిండరులో నీళ్ళుంటే అవి నొక్కుకోవు. ఎక్కడికీ పోలేని బలమంతా కనెక్టింగ్ రాడ్ మీద పడి అది వంగిపోతుంది. మామూలు పాలసీలో వరద నష్టం ఉంది గాని, నీళ్ళున్న ఇంజనుని తిప్పడం వల్ల వచ్చిన చేటు అందులోకి రాదు. దానికి ఇంజను రక్షణ అని విడిగా ప్రీమియం కట్టి తీసుకోవాలి. డెల్టాలో ఉంటూ, కొద్ది వందలో వేలో మిగులుతాయని దాన్ని వదిలేయడం నాకైతే సమ్మతం కాదు.

నీళ్ళు చూసిన కారుని ముట్టుకోకుండా ఫోటోలు తీసుకోవాలి, నీటి గుర్తు ఎంతవరకూ ఉందో కనబడేట్టు. బ్యాటరీ తీగ విప్పించాలి. ఇన్సూరెన్సు వారికి వెంటనే చెప్పాలి. బండిని లాగించకూడదు, లారీ మీద ఎక్కించి పంపాలి. ఇక వచ్చే డబ్బెంత అన్నది బండి వయస్సుని బట్టి. అయిదు నుంచి పదేళ్ళ బండికి ఇనప భాగాల ధరలో నలభై శాతం కోస్తారు, పదేళ్ళు దాటితే సగం. రబ్బరు, ప్లాస్టిక్కు, బ్యాటరీ, టైర్లు ఏ వయస్సుకైనా సగమే. అద్దాలకి కోత లేదు. మరమ్మతు ఖర్చు పాలసీలో రాసిన బండి విలువలో డెబ్బయి అయిదు శాతం దాటితే బండి మొత్తం పోయినట్టే లెక్క కట్టి ఆ విలువ ఇస్తారు. అందుకే ప్రీమియం తగ్గుతుందని బండి విలువని తగ్గించి రాయించుకునేవారు ఒకటికి రెండుసార్లు ఆలోచించాలి.

ఇంతకీ అలా లెక్క తీరిపోయిన మునిగిన బండ్లు ఏమవుతాయి? తుక్కు కింద కొన్ని పోతాయి. కొన్ని కడిగించుకుని, తుడిపించుకుని, అత్తరు పూయించుకుని మళ్ళీ పెళ్ళిచూపులకి వస్తాయి.

2025 మొదట్లో హనుమాన్ జంక్షన్‌లో ఉండే మా మేనల్లుడు ఫోను చేశాడు. ప్రైవేటు కాలేజీలో లెక్చరరు. "మావయ్యా, 2019 మోడలు బండి మూడు లక్షల పదివేలకి ఇస్తున్నారు. బయట నాలుగున్నర ఉంది. ఇరవై వేలు బయానా ఇచ్చేశాను. అమ్మ గొలుసు కుదువ పెట్టింది. ఆదివారం ఒకసారి వచ్చి చూడు" అన్నాడు. బయానా ఇచ్చాక చూడమనడం మా వంశాచారం. మేస్త్రిగారినీ, మాస్టారినీ వెంటబెట్టుకుని వెళ్ళాను.

బండి పెళ్ళికూతురులా ఉంది. తలుపు తీయగానే మల్లెపూల సెంటు గుప్పుమంది. మేస్త్రిగారు మొహం చిట్లించి, "వాసన కప్పడానికి వాసన" అని నా చెవిలో అన్నారు. ఆ తర్వాత ఆయన చేసిన పరీక్ష ఎవరైనా చేయవచ్చు. డ్రైవరు సీటు బెల్టుని ఆఖరి దాకా బయటికి లాగారు. మనం పెట్టుకునే మేర శుభ్రంగా ఉంది. ఎప్పుడూ బయటికి రాని చివరి జానెడు మీద గోధుమరంగు మరక, వేలితో రుద్దితే మెత్తటి ఒండ్రు. సీటు ముందుకి జరిపి కింద మేకులు చూశారు, తుప్పు. వెనక డిక్కీలో స్పేరు టైరు తీసి ఆ గుంటలో చెయ్యి పెట్టారు, మూలల్లో ఎండిన బురద. ముందు దీపాల అద్దం లోపల ఆవిరి. అయిదేళ్ళ బండికి కింద పరిచిన కార్పెట్ మాత్రం నిన్న కొన్నట్టుంది.

"ఇది మా బావమరిది బండండీ, ఎప్పుడూ గుంటూరులోనే ఉంది. నీళ్ళు చూడలేదు" అన్నాడు అమ్మేవాడు.

"నీళ్ళు చూడలేదు బాబూ, తాగింది" అన్నారు మేస్త్రిగారు.

మా మేనల్లుడికి ఇంకా ఆశ చావలేదు. "నడుస్తోంది కదా మావయ్యా, ఏసీ కూడా చల్లగా వస్తోంది" అన్నాడు. నడవడం గొప్ప కాదు. ఇప్పటి కార్లలో వైర్లూ, కంప్యూటరు పెట్టెలూ, వాటిని కలిపే చిన్న చిన్న కనెక్టర్లూ నరాల్లా పరుచుకుని ఉంటాయి. ఒండ్రు నీరు చేరిన కనెక్టరు ఇవాళ పనిచేస్తుంది. ఆరు నెలలకో ఏడాదికో పచ్చటి చిలుము పట్టి తెగుతుంది. అది పవర్ విండో అయితే చిరాకు. బ్రేకులని సంబాళించే ఎబిఎస్ అయితే, ఆపద వేళ విచ్చుకోవలసిన ఎయిర్ బ్యాగ్ అయితే? ఇద్దరు పిల్లలని వెనక కూర్చోబెట్టుకునే బండి అది. ఈ మాట అనేసరికి వాడి మొహం పాలిపోయింది.

బయానా తిరిగి రావడానికి మూడు వారాలు పట్టింది, అదీ పదిహేను వేలే. పోయిన అయిదు వేలు వాళ్ళమ్మకి చెప్పవద్దని నన్ను బతిమాలాడు. మా అక్క ఈ పత్రిక చదవదనే ధైర్యంతో రాస్తున్నాను.

పాత బండి కొనేవారు కాగితాల విషయంలోనూ ఇంతే నిక్కచ్చిగా ఉండాలి. నంబరు కొడితే రిజిస్ట్రేషను, ఇన్సూరెన్సు గడువు, బ్యాంకు తాకట్టు పరివాహన్‌లో కనబడతాయి. కంపెనీ సర్వీసు కేంద్రంలో ఛాసిస్ నంబరు చెప్పి పాత సర్వీసు వివరాలు అడగవచ్చు. యజమానిని వెంటబెట్టుకు వెళితే మరీ మంచిది. 2024 సెప్టెంబరులో పెద్ద పని ఏదైనా జరిగిందా అన్నది మా ప్రాంతంలో మొట్టమొదటి ప్రశ్న. ఫారం 29, 30 మీద సంతకాలు, తాకట్టు ఉంటే ఫారం 35, పధ్నాలుగు రోజుల్లోగా ఇన్సూరెన్సు మార్పు. అమ్మేవారికి కూడా ఒక మాట: బండి అవతలివాడి పేరున మారేదాకా యజమాని మీరే. ప్రమాదం జరిగితే నష్టపరిహారం బాధ్యత రిజిస్టరులో పేరున్నవాడిదేనని 2018లో సుప్రీంకోర్టు తేల్చింది. అన్నట్టు, క్లెయిము చేయని ఏళ్ళకి ఇన్సూరెన్సులో యాభై శాతం దాకా ఇచ్చే తగ్గింపు మనిషిది, బండిది కాదు. పాత బండి అమ్మి కొత్తది కొంటే ఆ తగ్గింపుని వెంట తెచ్చుకోవచ్చు. పాలసీ గడువు తీరి తొంభై రోజులు దాటితే మాత్రం అది పోతుంది.

చివరికి మా మేనల్లుడు మా పళ్ళ డాక్టరుగారి పాత బండి కొన్నాడు. తొమ్మిదేళ్ళది, రంగు వెలిసింది, ఒక తలుపుకి సొట్ట. కాని ప్రతి ఆయిలు మార్పుకీ బిల్లు ఉంది, ఫైలులో తారీఖుల వరసన. "తొమ్మిదేళ్ళదా? పదిహేనేళ్ళకి తుక్కు కదా!" అని వాళ్ళ మామగారు అడ్డం పడ్డారట. అది ఢిల్లీ మాట విని వచ్చిన భయం. మన దగ్గర సొంత కారుకి పదిహేనేళ్ళు నిండితే పరీక్ష చేయించి, 2022 ఏప్రిల్ నుంచి ఉన్న రేటు ప్రకారం అయిదు వేల రుసుము కట్టి అయిదేళ్ళు పొడిగించుకోవచ్చు. ఇరవై ఏళ్ళు దాటితే 2025 ఆగస్టు నుంచి ఆ రుసుము పది వేలు. ఈ బండికి ఇంకా ఆరేళ్ళ గడువుంది.

సొట్ట తీయించడానికి ఆటోనగర్‌లో రెండున్నర వేలు అడిగారు. మా మేనల్లుడు తీయించలేదు. ఆ డబ్బు పెట్టి బ్రేకు ప్యాడ్లు మార్పించాడు, బిల్లుతో సహా.